బోయనేర్గెసు అని ఎవర్ని అనాలి? ఆ పేరు ఎక్కడిది?

టంగుటూరు సండేస్కూల్ టీచర్ అడిగిన ప్రశ్న:

అందరికీ వందనాలు. మాది టంగుటూరు దగ్గర పల్లె. పోయిన నెల పక్క ఊళ్ళో ఉజ్జీవ సభలు జరిగాయి. రైల్వే గేటు దగ్గర కట్టిన ఫ్లెక్సీలో, ప్రసంగీకుడి ఫోటో కింద పెద్ద అక్షరాలతో "ఆంధ్రా బోయనేర్గెస్" అని వేశారు.

ఆయన నిజంగానే ఉరిమారు. పొగాకు ఆరబెట్టే బ్యారన్ల అవతల ఉన్న మా ఇంటి దాకా వినిపించింది. నరకం గురించి చెబుతూ బల్ల మీద చేత్తో గట్టిగా కొట్టేసరికి, ముందు వరుసలో పట్టాల మీద పడుకుని నిద్రపోతున్న పసిపిల్లలు ఉలిక్కిపడి లేచి ఏడుపు అందుకున్నారు. తల్లులు వాళ్ళను ఎత్తుకుని పందిరి బయటికి పోయారు, మళ్ళీ లోపలికి రాలేదు. మా అత్తయ్య మాత్రం "వాక్యమంటే అట్టా చెప్పాల" అని ఎంతో మెచ్చుకుంది. పగలంతా పొగాకు గ్రేడింగ్‌లో కూర్చుని వచ్చి కూడా ఒక్క రాత్రి మానకుండా సభకు వెళ్ళిన మనిషి ఆమె. ఆమె మాటను నేను తేలిగ్గా తీసుకోను.

ఆదివారం నా క్లాసులో ఒక పిల్లవాడు లేచి "టీచర్, బోయనేర్గెస్ అంటే ఏంది?" అని అడిగాడు. బైబిల్లో మార్కు సువార్త 3:17 తీసి వాడితోనే చదివించాను. యేసయ్య తన శిష్యులు యాకోబు, యోహానులకు పెట్టిన పేరు అది, అర్థం ఉరిమెడు వారు అని ఉంది. వాడు అంతటితో ఊరుకోలేదు. "యేసయ్య వాళ్ళను మెచ్చుకుని ఆ పేరు పెట్టాడా, కోప్పడి పెట్టాడా?" అన్నాడు. వచ్చే ఆదివారం చెబుతానన్నాను. అప్పట్నించి ఇదే టెన్షన్.

కొందరు ప్రసంగాల్లో "ఉరుము కుమారులు" అంటారు, మన బైబిల్లో "ఉరిమెడు వారు" అని ఉంది. ఏది సరి? అసలు అది ఏ భాష మాట? గట్టిగా ప్రసంగించే వాళ్ళకు ఆ పేరు ఎలా వచ్చింది? తెలిసిన పెద్దలు చెప్పండి.

సింగరాయకొండ బ్రదర్:

ప్రైజ్ ది లార్డ్ సిస్టర్. ఇందులో సందేహం ఎందుకు? అది మెచ్చుకోలే. బైబిల్లో ఉరుము ఎక్కడొచ్చినా దేవుడి స్వరమే. సీనాయి కొండ మీద ఆయన దిగివచ్చినప్పుడు ఉరుములు మెరుపులు వచ్చాయి. 29వ కీర్తన నిండా ఆయన స్వరం జలాల మీద గర్జించడమే ఉంది. యోహాను 12లో పరలోకం నుంచి శబ్దం వస్తే అక్కడున్న జనం ఉరిమింది అనుకున్నారు. ప్రభువు తన శిష్యులకు తన తండ్రి స్వరాన్ని పేరుగా పెట్టాడంటే అది గొప్ప ఘనత కాదా?

పైగా ఈ రోజుల్లో మెత్తగా చెబితే ఎవరు వింటారు? పక్కింట్లో సీరియల్ మోగుతుంటుంది, ప్రతి చేతిలో ఫోను. ఆ దైవజనుడు ఉరిమాడు గనకే మీ ఇంటి దాకా వాక్యం వచ్చింది.

కావలి మాస్టారు:

అమ్మా, మీ క్లాసులో పిల్లవాడు అడిగింది పండితులు ఇప్పటికీ తేల్చని ప్రశ్న. అలాంటి ప్రశ్న మన పల్లె సండేస్కూల్లో పుట్టినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. నేను హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. మా నాన్నగారు రామాయపట్నం సెమినరీలో చదువుకున్న బోధకులు. ఆయన దగ్గర విన్నదీ తర్వాత నేను చదువుకున్నదీ కలిపి చెబుతాను.

ఆ పేరు బైబిలు మొత్తం మీద ఒకే ఒక్క చోట ఉంది. పన్నెండుమంది శిష్యుల జాబితా మత్తయి 10లోనూ లూకా 6లోనూ ఉంది, అక్కడ ఈ మాట లేదు. మార్కు జాబితాలో ప్రభువు కొత్త పేర్లు పెట్టింది ముగ్గురికే. సీమోనుకు పేతురు, జెబెదయి కొడుకులు యాకోబు యోహానులకు బోయనేర్గెసు. పేతురు అన్న పేరు ఎంతగా నిలిచిందంటే అసలు పేరే వెనకబడింది. ఈ అన్నదమ్ముల్ని మాత్రం మళ్ళీ ఆ పేరుతో పిలిచినట్టు ఎక్కడా లేదు. ఎందుకు పెట్టాడో కూడా మార్కు చెప్పలేదు. కాబట్టి మెచ్చుకోలా, మందలింపా అన్నది వాళ్ళ నడతను బట్టి మనం గ్రహించాల్సిందే.

భాష విషయం. మార్కు రాసింది గ్రీకులో. యేసు, ఆయన శిష్యులు ఇంట్లో వీధిలో మాట్లాడుకున్నది అరమాయికు. అందుకే మార్కు "తలీతాకుమీ", "ఎప్ఫతా" లాంటి మాటల్ని ఉన్నవి ఉన్నట్టే రాసి పక్కనే అర్థం చెబుతాడు. ఇదీ అంతే. ఆయన ఇచ్చిన గ్రీకు అర్థాన్ని మాటకు మాట పెడితే "ఉరుము కుమారులు" అని వస్తుంది.

పేరులో మొదటి సగం "బెనే", అంటే కుమారులు. అది "బోయనే" ఎలా అయిందో ఎవరికీ సరిగా అంతుబట్టలేదు. రెండో సగం దగ్గర అసలు వాదన ఉంది. హెబ్రీలో ఉరుముకు మామూలు మాట "రఅమ్". మన పేరు చివర్న ఉన్న "ర్గెస్" దానికి అతకదు. లాటిన్ బైబిలు తయారుచేసిన జెరోము అందుకే, ఈ పేరు చెడిపోయి వచ్చింది, రఅమ్‌తోనే ఉండాలి అన్నాడు. ఇంకొందరు "రెగెష్" అనే మాట చూపిస్తారు, గుంపు రేగి గోల చేయడం. రెండో కీర్తన మొదట్లో అన్యజనులు ఏల అల్లరి రేపుచున్నారు అన్నచోట ఉన్నది ఆ ధాతువే. మరికొందరు "రొగెజ్" అంటారు. కోపం, అదిరిపోవడం అని దాని అర్థం. యోబు 37:2లో దేవుని స్వర గర్జనకు వాడింది ఆ మాటనే. నా మొగ్గు దీనివైపే. ఉరుమూ కోపమూ రెండూ ఒకే మాటలో ఉన్నాయి, ఆ అన్నదమ్ములకు రెండూ సరిపోతాయి.

ఇక "కుమారులు" సంగతి. ఆ భాషల్లో ఒక గుణం నిండా ఉన్న మనిషిని ఆ గుణానికి కొడుకు అంటారు. బర్నబాను హెచ్చరిక పుత్రుడు అన్నారు. ఇస్కరియోతు యూదాను నాశన పుత్రుడు అన్నారు. తెలుగులో మనం అలా అనం. కోపిష్టి, మాటకారి, ఉరిమేవాడు అంటాం. అందుకే మన పాత అనువాదకులు "ఉరిమెడు వారు" అని రాశారు. నన్నడిగితే చక్కటి తెలుగు అది. "ఉరుము కుమారులు" అన్నా తప్పు లేదు.

ఇప్పుడు నడత. లూకా 9 చివర్లో, ప్రభువు యెరూషలేముకు పోతూ దారిలో ఒక సమరయ గ్రామంలో దిగాలనుకున్నాడు. ఆ ఊరివాళ్ళు రానివ్వలేదు. వెంటనే ఈ ఇద్దరూ, ఆకాశం నుంచి అగ్ని దిగి వీళ్ళను నాశనం చేయాలని మేం ఆజ్ఞాపించమంటావా ప్రభువా అన్నారు. గమనించండమ్మా, "నువ్వు దింపు" అనలేదు, "మేం దింపుతాం" అన్నారు. 2 రాజులు మొదటి అధ్యాయంలో ఏలీయా ప్రవక్త, తన్ను పట్టుకోను వచ్చిన యాభైమంది సైనికుల మీదికి ఆకాశం నుంచి అగ్ని రప్పించాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. అప్పటి రాజు ఉన్నది సమరయలోనే. అంటే వీళ్ళకు లేఖనం బాగా తెలుసు, తెలిసిందాన్ని ఎక్కడ వాడాలో తెలియలేదు. ప్రభువు వాళ్ళ వైపు తిరిగి గద్దించాడు. అందరూ లేచి ఇంకో ఊరికి పోయారు.

అదే యోహాను మార్కు 9లో, మనతో తిరగని ఒకడు నీ పేరున దయ్యాలు వెళ్ళగొడుతుంటే ఆపేశాం అని వచ్చి చెప్పాడు. మార్కు 10లో అన్నదమ్ములిద్దరూ ప్రభువు మహిమలో ఆయనకు కుడివైపు ఒకరికి ఎడమవైపు ఒకరికి కుర్చీలు అడిగారు. మిగతా పదిమందికీ ఒళ్ళు మండింది. ఇదీ మనకు రాసిపెట్టిన ఉరుము. వీటిలో ఒక్కటి కూడా ప్రసంగం కాదు చూశారా.

కానీ కథ అక్కడ ఆగలేదు, ఇది మీ పిల్లలకు తప్పకుండా చెప్పండి. అపొస్తలుల కార్యములు 8 తీయండి. సమరయ వాళ్ళు వాక్యం అంగీకరించారని విని యెరూషలేము నుంచి ఎవర్ని పంపారు? పేతురును, యోహానును. అగ్నితో కాల్చేస్తానన్న మనుషుల దగ్గరికే యోహాను పోయి, వాళ్ళ మీద చేతులుంచి, పరిశుద్ధాత్మ కోసం ప్రార్థన చేశాడు. తిరిగి వచ్చేటప్పుడు ఇద్దరూ సమరయుల పల్లెలు చాలావాటిలో సువార్త చెప్పుకుంటూ వచ్చారు. ఆ 25వ వచనం చదివినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. ఒకప్పుడు తలుపు మూసిన ఆ ఊరు కూడా ఆ పల్లెల్లో ఉందేమో!

యాకోబు సంగతి అపొ. 12:2లో ఒకే వాక్యం. హేరోదు అతన్ని కత్తితో చంపించాడు. పన్నెండుమందిలో ప్రభువు కోసం ప్రాణం పెట్టిన మొదటివాడు అతనే.

ఇంకొకటి, అది బహువచనం. ఇద్దరికి కలిపి పెట్టిన పేరు. ఫ్లెక్సీ మీద ఒక్క మనిషి ఫోటో కింద వేసేది కాదు.

ఒంగోలు పాత విద్యార్థి:

మాస్టారికి నమస్కారం. ప్రసంగీకులకు ఆ పేరు ఎలా వచ్చిందన్న ప్రశ్న మిగిలింది కదా, నాకు తెలిసినంత చెబుతాను. ఇంగ్లీషు వాళ్ళు ఈ మాటను యథాతథంగా తీసుకుని, గొంతు చించుకుని ప్రసంగించేవాళ్ళకు వాడటం మొదలుపెట్టారు. బహువచనం సంగతి మర్చిపోయి ఒక్క మనిషికే అనేయడం కూడా అక్కడే మొదలైంది. మన పోస్టర్లలో "బోయనేర్గెస్" అని చివర "సు" లేకుండా కనబడేది ఆ ఇంగ్లీషు పలుకుబడే.

మైకుల్లేని కాలంలో గట్టి గొంతు ఎంత పెద్ద వరమో కూడా ఆలోచించాలి. 18వ శతాబ్దంలో జార్జ్ విట్‌ఫీల్డ్ అనే ఇంగ్లండ్ ప్రసంగీకుడు అమెరికా వెళ్ళి ఫిలడెల్ఫియా వీధిలో నిలబడి వాక్యం చెబుతుంటే, బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఆ గుంపులో ఉన్నాడు. ఫ్రాంక్లిన్‌కు భక్తి తక్కువ, కుతూహలం ఎక్కువ. మాట వినబడినంత మేరా వెనక్కి నడిచి, ఆ దూరాన్ని బట్టి చదరపు అడుగుల లెక్క వేసి, ఈ గొంతు 30 వేలమందికి పైగా వినబడుతుంది అని తేల్చాడు. అలాంటివాణ్ణి ఉరుము అంటే అర్థం ఉంది.

ఒక చిన్న విశేషం. అరేబియా లారెన్స్ అని పేరుపడ్డ బ్రిటిష్ అధికారి టి. ఇ. లారెన్స్ తన మోటారు సైకిళ్ళకు ఈ పేరే పెట్టుకున్నాడు, ఇంజను చప్పుడును బట్టి. 1935లో అలాంటి బండి మీద పోతూనే ప్రమాదం జరిగి చనిపోయాడు.

సింగరాయకొండ బ్రదర్:

మాస్టారూ, మీరు చెప్పినవి శ్రద్ధగా చదివాను. అపొ. 8 సంగతి నాకు ఇలా ఎప్పుడూ తట్టలేదు, దేవునికి స్తోత్రం. కానీ ఒక్క మాట మీరు వదిలేశారు. మార్కు 3:17కు మూడు వచనాల ముందు చూడండి. తనతో ఉండటానికీ, ప్రకటించడానికి పంపటానికీ ప్రభువు పన్నెండుమందిని నియమించాడని ఉంది. ఆ నియామకంలోనే ఈ పేరు పెట్టాడు. ప్రకటించే పని అప్పగిస్తూ ఉరిమేవాళ్ళు అన్నాడంటే, ప్రసంగానికీ ఆ పేరుకూ సంబంధం లేదని ఎలా అంటారు? బాప్తిస్మమిచ్చు యోహాను సర్పసంతానమా అని కేకలేశాడు. పాపాన్ని పాపమని గట్టిగా చెప్పేవాళ్ళు కావాలి. మా ఊళ్ళో సారా మానినవాళ్ళు చాలామంది అలాంటి సభల్లోనే మానారు. నేను కళ్ళారా చూశాను.

కావలి మాస్టారు:

తమ్ముడూ, నువ్వన్నది బలమైన మాట. 14వ వచనం పక్కన పెట్టి 17వ వచనం చదవకూడదు, ఒప్పుకుంటాను. ఆ ఇద్దరిలో ఉన్న వేడిని ప్రభువు చూశాడు, దాన్ని పారేయలేదు, పనికి పెట్టుకున్నాడు. సారా మానినవాళ్ళ ఇళ్ళల్లో ఈ రోజు పిల్లలు కడుపునిండా తింటున్నారంటే ఆ ప్రసంగీకుల చేతులు పట్టుకుని వందనం చెబుతాను.

నాకు బాధ కలిగేది ఇంకోచోట. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, ఎక్కడో కోపం తెచ్చి సంఘంలో నోరులేని వాళ్ళ మీద కురిపించడం. చందా తక్కువిచ్చిన విధవరాలి మీద, గుడ్డలు బాగాలేని కుర్రాడి మీద, వెనక పట్టా మీద పసిబిడ్డతో కూర్చున్న తల్లి మీద. అది చేసి బోయనేర్గెసు అని బిరుదు తగిలించుకుంటే లూకా 9 చదవలేదన్నమాట.

మన జిల్లాల చరిత్రే చూడు. 1854 జనవరి 1న తెల్లవారకముందే ఒంగోలు కొండ మీదికి ఎక్కి ప్రార్థన చేసింది ఐదుగురు. అమెరికా మిషనరీ జూయెట్ దొరగారు, దొరసాని, నెల్లూరు నుంచి వచ్చిన జూలియా, ఇంకో ఇద్దరు తెలుగువాళ్ళు. ఇవాళ మనం ప్రార్థన కొండ అంటున్నది దాన్నే. ఆ తర్వాత 1866లో బాప్తిస్మం తీసుకున్న తాళ్ళకొండపాడు వాసి యర్రగుంట్ల పేరయ్య ఎలా పనిచేశాడు? ఆయన మాదిగ, తోళ్ళ వ్యాపారం చేసినవాడు, అంతకుముందు యోగ మార్గంలో దేవుణ్ణి వెతికినవాడు. ఆయనకు పందిరి లేదు, వేదిక లేదు. బంధువుల ఇళ్ళకు నడిచిపోయి, వాళ్ళ మధ్య కూర్చుని మాట్లాడాడు. అలాంటి మనుషులు ఊరూరా తిరిగారు.

1876 నుంచి 78 దాకా డొక్కలెండిపోయిన కరువు. ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలవ పనిలో కొంత మేర కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించారు. ఆ రోజుల్లో బాప్తిస్మం ఇవ్వమని జనం అడుగుతుంటే ఆయన ఇవ్వలేదు, కూటి కోసం వస్తున్నారేమోనని ఆపి ఉంచారు. కరువు పని అయిపోయాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం అయింది. నీళ్ళలో దిగి ఇచ్చినవాళ్ళు తెలుగు బోధకులే, ఒకేసారి ఇద్దరిద్దరు చొప్పున. అంత జనాన్ని గుండ్లకమ్మ ఒడ్డుకు తెచ్చింది కేకలు కాదు తమ్ముడూ. కరువులో పక్కన నిలబడ్డ మనుషుల్ని, ఇంటికొచ్చి కూర్చుని మాట్లాడిన బంధువుల్ని జనం నమ్మారు.

ముసలితనంలో యోహాను గురించి జెరోము ఒక సంగతి రాశాడు. ఎఫెసులో ఆయన్ను శిష్యులు చేతుల మీద సంఘంలోకి మోసుకొచ్చేవాళ్ళట. పెద్ద ప్రసంగం చేసే ఓపిక లేక, ప్రతిసారీ "చిన్న పిల్లలారా, ఒకరినొకరు ప్రేమించండి" అని మాత్రం అనేవాడట. విసుగొచ్చి, ఎప్పుడూ ఇదేనా బోధకా అని అడిగితే, ఇది ప్రభువు ఆజ్ఞ, ఇదొక్కటి చేస్తే చాలు అన్నాడట. బైబిల్లో లేని మాట గనక సంప్రదాయంగానే చెబుతున్నాను. అయితే యోహాను మొదటి పత్రిక చదివినవాళ్ళకు ఆ గొంతు కొత్తగా అనిపించదు. "చిన్న పిల్లలారా" అన్న పిలుపు అందులో ఎన్నిసార్లు ఉందో చూడు. నువ్వు చెప్పిన ఉరుము కూడా ఆయన పోగొట్టుకోలేదులే, ప్రేమించనివాడు మరణంలో ఉన్నాడని అదే పత్రికలో సూటిగా అనేశాడు.

టంగుటూరు సండేస్కూల్ టీచర్:

మాస్టారూ, బ్రదర్, ఒంగోలు అన్నయ్యా, అందరికీ వందనాలు. మీరు రాసినవన్నీ మా అత్తయ్యకు చదివి వినిపించాను. సమరయ పల్లెల దగ్గర ఆపి మళ్ళీ చదవమంది. సింగరాయకొండ బ్రదర్ చెప్పిన సారా మాటకు "అదీ నిజమే" అంది. మా మామయ్య మానింది కూడా ఒక సభలోనే.

క్లాసు ఇలా అనుకున్నాను. మార్కు 3:14 నుంచి 17 దాకా, తర్వాత లూకా 9:51 నుంచి 56, తర్వాత అపొ. 8:14 నుంచి 25. ఈ మూడూ ముగ్గురు పిల్లలతో వరసగా చదివిస్తాను. ప్రశ్న వేసిన వాడితోనే అపొ. 8 చదివించి, "ఇప్పుడు చెప్పు, మెచ్చుకుని పెట్టాడా, కోప్పడి పెట్టాడా?" అని అడుగుతాను. వాడు ఏం చెబితే అది ఇక్కడ రాస్తాను. రఅమ్, రొగెజ్ మాటలు పెద్ద పిల్లలకు బోర్డు మీద రాసి చూపిస్తా.

మాస్టారూ, ఒక్క సందేహం మిగిలింది. మత్తయి 20లో కుడి ఎడమ కుర్చీలు అడిగింది వాళ్ళ అమ్మ అని ఉంది, మార్కులో వాళ్ళే అడిగినట్టుంది. పిల్లలు ఆ తేడా పట్టేస్తారు. ఎలా చెప్పమంటారు?

కావలి మాస్టారు:

ఉన్నది ఉన్నట్టు చెప్పమ్మా. మత్తయిలో తల్లి అడిగినా, ప్రభువు జవాబు చెప్పింది కొడుకులకే. నేను తాగబోయే గిన్నె మీరు తాగగలరా అని బహువచనంలో ఉంది, వాళ్ళూ తాగగలం అన్నారు. ముగ్గురూ కలిసే వచ్చారని పిల్లలకు ఇట్టే అర్థమవుతుంది. ఆ తల్లిని మాత్రం తక్కువ చేసి చెప్పకండి. మత్తయి 27:56 ప్రకారం సిలువ వేసిన రోజు దూరం నుంచి చూస్తూ నిలబడ్డ స్త్రీలలో జెబెదయి కుమారుల తల్లి కూడా ఉంది.